తవ్వించినవారు – తవ్వినవారు : సాంఘికశాస్త్ర పాఠంలో కర్త ఎవరు?

తెలుగునాట బడికి వెళ్ళినవారిలో చాలామంది ఏదో ఒక తరగతిలో బట్టీపట్టిన వాక్యం ఒకటి వుంది. రాజు చెరువులు తవ్వించెను, గుళ్ళు కట్టించెను, బాటల పక్కన చెట్లు నాటించెను. రాజు పేరు మారుతుంది, వంశం మారుతుంది, వాక్యం మారదు. పాఠ్యపుస్తకాల భాష వ్యావహారికమయ్యాక ‘తవ్వించెను’ కాస్తా ‘తవ్వించాడు’ అయింది. అంతే తేడా.

సాహిత్య విద్యార్థులకు ఈ వాక్యపు వ్యాకరణం తెలిసిందే. ‘తవ్వు’ ధాతువుకు ప్రేరణార్థంలో ‘ఇంచు’ చేరింది. ప్రేరణ వాక్యంలో కర్తలిద్దరు. పని చేయించేవాడు ప్రయోజక కర్త, పని చేసేవాడు ప్రయోజ్య కర్త. ఈ రెండో కర్తకు ‘చేత’ విభక్తి వస్తుంది: రాజు కూలీల చేత చెరువు తవ్వించాడు. అయితే ‘కూలీల చేత’ అన్న మాటలు తీసేసినా వాక్యం పూర్తయినట్టే వినిపిస్తుంది. భాష ఇచ్చిన ఈ వెసులుబాటును పాఠ్యపుస్తకం తరతరాలుగా వాడుకుంటూ వచ్చింది. పలుగూ పారా పట్టి బతికే వడ్డెర ఇంటినుంచి వచ్చి ఆరో తరగతిలో కూర్చున్న పిల్లకు, మీ తాతముత్తాతలకు చరిత్రలో చోటు లేదని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చెప్పనక్కర లేకుండానే ఆ వాక్యం ఆ పని చేస్తుంది.

దీనికి ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా వుంటుంది. శాసనాలు వేయించింది రాజులు, కావ్యాలు రాయించుకున్నది రాజులు, సామాన్యుల గురించి ఆధారాలు లేనప్పుడు పాఠంలో ఏం రాస్తాం అని. ఇందులో నిజం కొంతే వుంది. ఆ కొంత నిజం వెనుక దాగిన అబద్ధాన్ని బయటపెట్టటానికి ఒక్క చెరువు చాలు.

కడప ప్రాంతంలోని పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం వుంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించినట్టు అది చెబుతుంది. అంతటితో ఆగదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ, చెరువుకు రాకూడని ఆరు దోషాలనూ లెక్కపెడుతుంది. ఆ పన్నెండింటిలో ధర్మపరుడైన రాజు ఒకటి, గట్టి నేల ఒకటి, తీయని నీటి నది ఒకటి, పనిలో ఆరితేరిన మనుషుల సమూహం కూడా ఒకటి. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలటానికి నూరు బండ్లు పెడితే రెండేళ్ళకు పని పూర్తయిందని కూడా శాసనం చెబుతుంది. రోజూ పని సాగిందనుకుంటే ఏడు లక్షల పైచిలుకు పనిదినాలు! రాజు కీర్తి కోసం చెక్కించిన రాయి సైతం మరచిపోని మనుషులను, ప్రజల పన్నులతో అచ్చయిన పాఠ్యపుస్తకం మరచిపోయింది. ఆధారాలు లేకపోవటం వల్ల జరిగిన మరపు కాదిది.

మరో సాక్ష్యం పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్‌ది. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, అతను విజయనగరానికి వచ్చాడు. రాయలు తలపెట్టిన ఒక పెద్ద చెరువు పనిలో పదిహేను ఇరవై వేలమంది చీమల్లా కదలటం తాను చూశానని రాసుకున్నాడు. కట్ట రెండుమూడుసార్లు తెగితే, బ్రాహ్మణుల సలహా మేరకు, అరవై మందిని, కొన్ని గుర్రాలనూ దున్నలనూ అక్కడ బలి ఇప్పించాడని కూడా రాశాడు. విదేశీయుడి మాటను పరీక్షించకుండా నమ్మనక్కరలేదు. కాని ‘రాయలవారు చెరువు తవ్వించారు’ అనే వాక్యం పక్కన ఈ సాక్ష్యాన్ని పెట్టి పిల్లలను ఆలోచించమనటం కంటే మంచి చరిత్ర పాఠం ఏముంటుంది?

అదే చెరువు నుంచి భూమి సంగతికి కూడా వెళ్ళవచ్చు. చెరువు కట్టించినవారికీ, దాన్ని బాగుచేయించినవారికీ భూమి ఇచ్చే ‘దశబంధం’ అనే మాన్యం మన శాసనాలలో తరచు కనిపిస్తుంది. మాన్యం ఎవరికి దక్కింది? మట్టి మోసినవారికి ఏం దక్కింది? ఈ రెండు ప్రశ్నలు అడిగితే చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం నాలుగూ ఒక్క చెరువుగట్టు మీద కలుస్తాయి. సాంఘికశాస్త్రం అనే పేరుకు అర్థం అదే.

మరి ఆ అర్థం ఎందుకు నిలవలేదు? మన చరిత్ర పాఠాల మూస వలసపాలనలో తయారయింది. జేమ్స్ మిల్ 1817లో ప్రచురించిన భారతదేశ చరిత్రలో గతాన్ని హిందూ, మహమ్మదీయ, బ్రిటిష్ యుగాలుగా కోశాడు. పాలకుడి మతమే యుగానికి పేరయింది. దున్నేవాడికి, నేసేవాడికి ఆ విభజనలో చోటే లేదు. ఆ మూస ఎంత బలమైనదంటే, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించి తెలుగువారికి ఆధునిక విజ్ఞానం అందించటానికి జీవితం ధారపోసిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు సైతం తన చరిత్ర గ్రంథాలకు ‘హిందూ మహాయుగము’, ‘మహమ్మదీయ మహాయుగము’ అనే పేర్లు పెట్టాడు. ఆయన కృషిని తక్కువచేయటానికి ఈ మాట చెప్పటం లేదు. వలసపాలనను వ్యతిరేకించినవారు కూడా వలస చరిత్ర చట్రంలోనే ఆలోచించవలసి వచ్చిందని గుర్తించటానికే.

స్వాతంత్య్రం తర్వాత లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్ 1953లో నివేదిక ఇచ్చింది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం వగైరాలను విడివిడిగా కాక ఒకే సాంఘికశాస్త్రంగా బోధించాలని చెప్పింది. అది మంచి ఆలోచనే. కాని విద్యార్థిని సామాజిక పరిసరాలకు అనుగుణంగా సర్దుబాటు చేయటం దాని లక్ష్యంగా పెట్టింది. సమాజాన్ని అర్థం చేసుకోవటం వేరు, దానికి సర్దుకుపోవటం వేరు. బడిలో నిలిచింది రెండోదే. మూడు పుస్తకాలను కలిపి కుట్టిన అట్టకు కొత్త పేరు వచ్చింది. లోపల రాజుల జాబితా, పంటల జాబితా, కలెక్టరు విధుల జాబితా అలాగే వుండిపోయాయి.

1966 నుంచి రొమిలా థాపర్, ఆర్.ఎస్. శర్మ, సతీశ్ చంద్ర, బిపన్ చంద్ర వంటి చరిత్రకారులు జాతీయ విద్యాపరిశోధనా శిక్షణా మండలి కోసం రాసిన పుస్తకాలు మిల్ మూసను బద్దలు కొట్టాయి. పాలకులకు అది రుచించలేదు. శర్మ ‘ప్రాచీన భారతం’ 1978లో, జనతా ప్రభుత్వ కాలంలో, కేంద్ర బోర్డు పాఠ్యక్రమం నుంచి తొలగించబడింది. ఈ రచయితల పక్షాన నిలబడటం అభ్యుదయవాదుల బాధ్యతే. అయినా ఒక ఆత్మవిమర్శ అవసరం. రాజు పేరు తీసి అక్కడ ‘భూస్వామ్య వ్యవస్థ’ అని రాసినంత మాత్రాన తవ్వినవారు పాఠంలోకి రారు. పన్నెండేళ్ళ పిల్లకు రాజెంత దూరమో ఆ పదమూ అంతే దూరం. శాస్త్రీయమైన విషయాన్ని కూడా బట్టీపట్టించవచ్చు.

ఈ లోపాన్ని గుర్తించి పనిచేసినవారు మధ్యప్రదేశ్‌లోని ‘ఏకలవ్య’ సంస్థవారు. 1986 నుంచి కొద్దిపాటి ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కొత్త సాంఘికశాస్త్ర పుస్తకాలు ప్రవేశపెట్టారు. నిర్వచనం ముందు కాక, ఒక ఊరు, ఒక మనిషి, ఒక సంఘటన ముందు వచ్చాయి. పిల్లలు తమ ఊరితో పోల్చి చూశారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు, ఎందుకంటే ప్రశ్న జ్ఞాపకాన్ని కాక ఆలోచనను అడుగుతుంది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రయోగాన్ని ఆపివేసింది. అయినా దాని విత్తనం ఎగిరి మన నేలమీద పడింది. 2012 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన కొత్త పుస్తకాల ఆరో తరగతిలో డెల్టా ఊరు పెనమకూరు, పీఠభూమి ఊరు దోకూరు, కొండమీది ఊరు పెనుగోలు పాఠాలయ్యాయి. నిజమైన ఊళ్ళు, వాటి నీళ్ళు, కూలీలు, భూములు పుస్తకంలోకి వచ్చాయి. ఇది చిన్న విజయం కాదు. శాశ్వతమైన విజయమూ కాదు. 2022–23లో కేంద్ర పుస్తకాలలో ‘భారం తగ్గింపు’ పేరిట ప్రజాపోరాటాలు, ఉద్యమాల పాఠాన్ని పదో తరగతి నుంచి తీసేశారు. మొఘల్ దర్బారుల అధ్యాయాన్ని పన్నెండో తరగతి నుంచి తీసేశారు. పిల్లల వీపుమీద భారమనిపించినవి ఏవో, ఎవరికి భారమో ఆలోచించవలసిందే.

ఇంతకూ ఇదంతా రచయితల పత్రికలో ఎందుకు? తెలుగులో సాంఘిక చరిత్రకు దారి వేసినవాడు సాహిత్యం చదువుకున్నవాడు గనక. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రచురించాడు. రాజులను పక్కకు జరిపి, ‘పండితారాధ్య చరిత్ర’, ‘క్రీడాభిరామం’, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ వంటి కావ్యాలను తవ్వి, జనం తిన్న తిండీ కట్టిన బట్టా ఆడిన ఆటలూ బయటికి తీశాడు. 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ దాన్ని గౌరవించింది. బడి దాన్ని పట్టించుకున్నది తక్కువ. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాటే అందులో ఆధారం. ముసలవ్వ దగ్గర కూర్చుని అడగటం కూడా చరిత్ర పరిశోధనే అని ఆ పుస్తకం చూపింది. ఆ పని ఆరో తరగతి పిల్లలూ చేయగలరు. ఊరి చెరువు పూడిక ఎవరు తీశారు, కూలి ఎంత, ఆయకట్టులో ఎవరి భూమి ఎంత అని ఇంట్లో అడిగి రాసుకొస్తే, పోరుమామిళ్ళ శాసనం వారికి ఇంటి సంగతిలా అర్థమవుతుంది.

శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదివిన మనకు కూలీల ప్రశ్న కొత్తది కాదు. విచిత్రమేమంటే ఆ ప్రశ్న తెలుగు తరగతిలో వినిపిస్తుంది, జవాబు వుండవలసిన సాంఘికశాస్త్ర తరగతిలో మాత్రం నిశ్శబ్దం. గంట కొట్టగానే మాస్టారు మారతారు, పుస్తకం మారుతుంది, మళ్ళీ రాజు చెరువు తవ్విస్తాడు. ఈ రెండు తరగతుల మధ్య గోడను పడగొట్టటం రచయితల పని. పాఠ్యపుస్తకాన్ని రచనగా తీసుకుని విమర్శించాలి. కథనూ కవితనూ పరీక్షించినంత శ్రద్ధగా నాలుగో తరగతి పాఠంలోని వాక్యాన్ని పరీక్షించాలి. పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఊరి చరిత్రలు రాయాలి, రాసే ఉపాధ్యాయులకు తోడు నిలవాలి.

ముందుగా చేయవలసింది చిన్నదే. ‘రాజు చెరువు తవ్వించాడు’ అని చదివినప్పుడల్లా ‘ఎవరి చేత?’ అని అడగటం పిల్లలకు నేర్పాలి. వ్యాకరణం ఆ ప్రశ్నకు ఎప్పుడో చోటు పెట్టింది. ఆ చోటును మనుషులతో నింపవలసింది మనం.