రోగికి ఇచ్చిన వేళ

మందును సీసాలో పోసి ఇంటికి పంపవచ్చును. కాని బిగిసిన కీలును కదిలించుటకు, బలహీనపడిన కండరమునకు మరల పని నేర్పుటకు చికిత్సకుని చేతులు, రోగి ప్రయత్నము, వీటితోపాటు కొంత కాలము కావలెను. ఫిజియోథెరపీలో కాలము కూడ మందు వంటిదే. దానిని రోగులకు ఎట్లు పంచవలెనన్నది వైద్యశాలలో శిక్షణకు చేరిన విద్యార్థికి ఎదురగు మొదటి చిక్కు.

ఈ వృత్తికి పునాదులు స్వీడనులో పడినవి. 1813లో పెర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాలయమును స్థాపించి, వ్యాయామమును చికిత్సకు కూడ వినియోగించెను. 1894లో లండనులో కొందరు నర్సులు, శిక్షణ పొందిన మర్దన చికిత్సకులకై ఒక సంఘమును ఏర్పరచిరి. ప్రపంచయుద్ధములలో గాయపడినవారి వలన, పోలియో సోకిన పిల్లల వలన ఈ విద్య అవసరము పెరిగినది. బొంబాయిలో పోలియో ప్రబలిన తరువాత, 1953లో అక్కడి కె.ఇ.యం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారముతో ఫిజియోథెరపీ పాఠశాల వెలసినది.

ఇంచుమించు అదే కాలమున, 1952లో, ఇంగ్లండులో గణాంక శాస్త్రజ్ఞుడు నార్మన్ బెయిలీ ఆసుపత్రి వరుసలను పరిశీలించెను. ఎనిమిదిమంది రోగులను 9 గంటలకే రమ్మన్నారనుకొందము. ఒక్కొక్కరికి అరగంట పట్టినచో చివరివాని వంతు 12.30కు వచ్చును, సగటున ఒక్కొక్కరు 105 నిమిషములు వేచియుందురు. అరగంటకు ఒకరిని పిలిచినచో ఈ నిరీక్షణ పోవలెను గదా! కాని ఒకరికి 20 నిమిషములు చాలును, మరొకరికి 45 పట్టును. ఒకరి ఆలస్యము తరువాతివారందరి మీద పడును. అందుచేత మొదట ఇద్దరిని పిలిచి, ఆపై సగటు చికిత్సాకాలమునకు ఒకరు చొప్పున పిలువవలెనని బెయిలీ, ఆయన సహచరుడు వెల్చ్ సూచించిరి. అప్పుడు వైద్యుడు ఖాళీగా కూర్చొనడు, రోగి మరీ ఎక్కువసేపు వేచియుండడు. అయితే ఇద్దరూ వేళకు రావలెను.

అనంతపురం పీఠభూమిలో ఈ షరతు నెరవేరుట సులభము కాదు. పడమటి కనుమల వర్షచ్ఛాయలోనున్న ఈ సీమలో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఊళ్లు దూరదూరముగా ఉండును. బస్సు దిగినవారందరు ఒక్కసారిగా తలుపు దగ్గర నిలుతురు. వాన పడి వేరుసెనగ విత్తు అదను వచ్చినచో రైతు మోకాటినొప్పిని ఓర్చుకొని చేనికే పోవును. అదను తప్పినచో పంట దక్కదు. కనుక రోగికి వేళ నిర్ణయించుటకు ముందు అతని ఊరి బస్సును, చేని పనిని అడిగి తెలిసికొనుట విద్యార్థి విధి.

ఇక్కడ పలుచోట్ల భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చు. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ వెన్నును కొయ్యబార్చును. 1937లోనే ఈ వ్యాధి నాటి నెల్లూరు జిల్లాలో గుర్తింపబడినది. అట్టి రోగి మంచమెక్కి పక్కకు తిరుగుటకే కొన్ని నిమిషములు పట్టును. అతనిని తొందరపెట్టరాదు, ఆ నిమిషములను ముందే లెక్కలో చేర్చుకొనవలెను. అనుభవజ్ఞునికంటె విద్యార్థికి ఎక్కువ కాలము పట్టుట సహజము. మొదటి వారములలో తక్కువ మందిని చూచి, చేయి తిరిగిన కొలది సంఖ్యను పెంచుట మంచిది.

అరగంటను ఇట్లు పంచవచ్చును: ప్రశ్నలకు 5 నిమిషములు, పరీక్షకు 5, చికిత్సకు 12, ఇంటివద్ద చేయవలసిన వ్యాయామము నేర్పుటకు 5, వ్రాతకు 3. వ్రాతను సులభము చేయు మార్గమును 1968లో అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ ప్రచారములోనికి తెచ్చెను: రోగి చెప్పినది, పరీక్షలో కనుగొన్నది, దాని అర్థము, ఇక చేయవలసినది. ఈ నాలుగు అంశములు క్రమముగా ఉన్నచో మరుసటిసారి అడిగినదే అడుగ పనిలేదు.

వేళ మించినపుడు చాలమంది కోసివేయునది వ్యాయామము నేర్పు ఆ 5 నిమిషములనే. నిజమునకు వాటినే కాపాడవలెను. విద్యార్థి చేతులు రోగి దగ్గర ఉండునది వారమునకు ఒక అరగంట. మిగిలిన కాలమంతయు రోగి తన ఇంటనే ఉండును. ఏమి చేయవలెనో తెలియక తిరిగి వెళ్లినవాడు ఆనాటి కూలిని, బస్సు చార్జీని పోగొట్టుకొని, బిగిసిన కీలుతోనే మరల వచ్చును.