ఎయిర్ జోర్డాన్

అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ పేరిట నైకీ సంస్థ తెచ్చిన బూట్ల శ్రేణి. ఆటగాళ్ల పేర్లతో బూట్లు అమ్మడం అంతకు ముందే ఉంది: కన్వర్స్ వారి చక్ టేలర్, 1970లలో వాల్ట్ ఫ్రేజియర్ ముద్దుపేరుతో వచ్చిన ప్యూమా క్లైడ్. అయితే ఆటగాడి పేరే ఒక పెద్ద వ్యాపారానికి పునాది కాగలదని చూపింది మాత్రం ఇదే.

1984లో ఒప్పందం కుదిరింది. పీటర్ మూర్ రూపొందించిన తొలి జోడు 1985లో 65 డాలర్లకు అంగళ్లకు వచ్చింది. జోర్డాన్ వేసుకున్న ఎరుపు, నలుపు బూట్లకు అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అభ్యంతరం చెప్పగా, నైకీ ఆ అభ్యంతరాన్నే ప్రకటనగా మలుచుకుంది. 1988లో టింకర్ హాట్‌ఫీల్డ్ రూపొందించిన మూడో నమూనా ఈ శ్రేణిలోకెల్లా కీలకమైనది. మడమ కింది గాలి సంచి అందులో బయటికి కనిపిస్తుంది; కాళ్లు చాపి ఎగిరే జోర్డాన్ ముద్ర, జంప్‌మ్యాన్, దానితోనే బూటు మీదికి ఎక్కింది. అదే కాలంలో దర్శకుడు స్పైక్ లీ జోర్డాన్‌తో తీసిన టీవీ ప్రకటనలు, ఆట ఆడని వారిలోనూ ఈ బూట్లపై మోజు పెంచాయి. 1997లో జోర్డాన్ బ్రాండ్ విడిగా ఏర్పడింది.

పనితనం వేరే సంగతి. గాలి సంచి, దూకి దిగినప్పుడు కలిగే అదురును తగ్గిస్తుంది. బూటు అడుగున ఉండే గాట్లు చెక్కనేలపై పట్టునిస్తాయి. ఈ గుణాలు ఏ ఆటగాడి పేరూ లేని మంచి బూట్లలోనూ దొరుకుతాయి. చీలమండను కప్పే ఎత్తు బూట్లు దాన్ని బెణుకు నుంచి కాపాడతాయన్న నమ్మకానికి 1993లో అమెరికా కళాశాల ఆటగాళ్లపై జరిగిన అధ్యయనంలో గట్టి ఆధారం దొరకలేదు. ఎన్‌బీఏ ఆటగాడు కోబీ బ్రయంట్ అయితే ఫుట్‌బాల్ ఆటగాళ్లను చూసి చీలమండ దిగువకే ఆగే బూట్లను కోరి చేయించుకున్నాడు. మంచి బూటుకు ఎక్కువ ధరా తప్పనిసరి కాదు: 2006లో మరో ఎన్‌బీఏ ఆటగాడు స్టెఫాన్ మార్బరీ తన పేరిట 15 డాలర్లలోపు ధరకే బూట్లు తెచ్చి, ఎన్‌బీఏ ఆటల్లో తానే వాటిని వేసుకుని ఆడాడు.