డీలరు ముద్ర: మూతపడిన దుకాణం, మిగిలిపోయిన హక్కు

భారతదేశంలో వస్తువుల అమ్మకానికి సంబంధించిన నియమాలు మొదట 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఒక అధ్యాయంగా ఉండేవి. 1930లో వాటిని విడదీసి, ఇంగ్లండులోని 1893 నాటి చట్టాన్ని చాలావరకు అనుసరిస్తూ, వస్తు విక్రయ చట్టంగా వేరుగా తెచ్చారు. ఆ చట్టం దృష్టిలో సరుకు మంచిచెడ్డలకు జవాబుదారు అమ్మినవాడే. ఒప్పందం దానిలో చేరిన ఇద్దరినే బంధిస్తుంది తప్ప మూడోవాడిని తాకదన్న సూత్రాన్ని న్యాయశాస్త్రం ‘ప్రివిటీ’ అంటుంది. దీనివల్ల ఎక్కడో కర్మాగారంలో వస్తువును తయారుచేసినవాడిని ఒప్పందం ఆధారంగా నిలదీయడానికి కొన్నవాడికి దారి ఉండేది కాదు. పైగా అదే చట్టంలోని 16వ సెక్షను ప్రకారం, సరుకును చూసి కొన్నప్పుడు, ఆ చూపుకు తెలిసి ఉండవలసిన లోపాల విషయంలో నాణ్యత లేదని తర్వాత అనడానికి వీల్లేదు.

గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని, రెండు గింజలు నోట్లో వేసుకుని చూసే అంగడికి ఈ నియమాలు బాగానే సరిపోయాయి. రేడియో, టెలివిజను వచ్చాక చూసి కొనడమన్న మాటకే అర్థం సన్నగిల్లింది. దుకాణంలో చక్కగా బొమ్మ చూపించిన పెట్టె లోపల ఏ అతుకు వదులుగా ఉందో కొనేవాడికే కాదు, అమ్మేవాడికీ తెలియదు. లోపం నెలల తర్వాత బయటపడుతుంది. ఆ సరికి దుకాణం ఉండవచ్చు, ఉండకపోవచ్చు.

తయారీదారు బాధ్యత గురించి 1932లో బ్రిటన్ ప్రభువుల సభ ఇచ్చిన డొనొహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ తీర్పును సాధారణంగా గొప్ప మలుపుగా చెబుతారు. స్నేహితురాలు కొనిపెట్టిన అల్లం పానీయం సీసాలో నత్త ఉందని ఆరోపించిన ఒక మహిళకు, ఏ ఒప్పందమూ లేకపోయినా తయారీదారుపై దావా వేసే హక్కు ఉందని ఆ తీర్పు తేల్చింది. అయితే పని చేయని రేడియో కొన్నవారికి దీనివల్ల ఒరిగింది తక్కువే. ఆ సూత్రం ఒంటికి, ఇతర ఆస్తికి కలిగిన హానికి పరిహారం ఇప్పిస్తుందే గాని, నోరు మెదపని యంత్రానికి పోసిన డబ్బును తిరిగి ఇప్పించదు.

ఈ ఖాళీని చట్టం కన్నా ముందు ఒక అట్టముక్క, అంటే టీవీతో వచ్చే వారంటీ కార్డు, పూరించింది. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ టెలివిజన్లు తయారుచేసి ఈసీ పేరుతో అమ్మింది; 1975–76లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు చేర్చిన ‘సైట్’ ప్రయోగంలో వాడిన సెట్లూ ఆ సంస్థవే. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చాక డయనోరా, సాలిడేర్, క్రౌన్, వెస్టన్ వంటి పేర్లు ఇళ్లలోకి చేరాయి. పెట్టెతో పాటు వచ్చే వారంటీ కార్డులో మోడలు, సీరియల్ నంబరు, కొన్న తేదీ రాయడానికి చుక్కల గీతలు, అడుగున డీలరు సంతకానికీ రబ్బరు ముద్రకూ ఒక గడి ఉండేవి; ఓల్టేజి హెచ్చుతగ్గుల వల్ల కలిగే నష్టం వర్తించదన్న చిన్న అక్షరాల హెచ్చరికా ఉండేది. ఇక్కడే ఒక వింత ఉంది. మాట ఇచ్చేది తయారీదారు, కాని ఆ మాటకు ప్రాణం పోసేది దుకాణదారు ముద్ర. ముద్ర లేని కార్డు చెల్లదు. కొన్న రోజున ముద్ర వేయించుకోవడం మరిచినవాడికి, ఆ దుకాణం ఎత్తేశాక, కంపెనీ ముందు నిలబడడానికి రసీదు ఒక్కటే దిక్కయ్యేది.

బజారు భాషలో గ్యారంటీ అంటే మార్చి ఇవ్వడం, వారంటీ అంటే బాగుచేసి ఇవ్వడం. 1930 చట్టంలో షరతు తప్పితే సరుకును తిరస్కరించవచ్చు, వారంటీ తప్పితే నష్టపరిహారం మాత్రమే అడగవచ్చు. చట్టం చదవని బజారు, పేర్లు వేరైనా, దాదాపు అదే తేడాను పట్టుకుంది.

షట్టరు దించినంత మాత్రాన బాధ్యత పోదన్నది కూడా పాత సూత్రమే. ఒకే యజమాని నడిపే దుకాణం చట్టం దృష్టిలో ఆ యజమానే కనుక, దుకాణం పోయినా మనిషి బాధ్యుడే. భాగస్వామ్యం రద్దయినా అంతకుముందు అమ్మిన సరుకుకు భాగస్వాములు జవాబు చెప్పాలి. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ సంగతి వేరు. అది దివాలా తీస్తే కొన్నవాడు హామీ లేని రుణదాతల వరుసలో, బ్యాంకుల వెనుక నిలబడతాడు. అక్కడిదాకా మిగిలేది సాధారణంగా స్వల్పం.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం గురించి రాసేవారు జిల్లా ఫోరం, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ అనే మూడంచెల నిర్మాణాన్నే ఎక్కువగా ప్రస్తావిస్తారు. మూతపడిన దుకాణం కోణంలో చూస్తే దానికన్నా ముఖ్యమైనది నిర్వచనాల సెక్షనులోని ఒక చిన్న పదబంధం. ‘వ్యాపారి’ అంటే సరుకును అమ్మేవాడు, అమ్మకానికి పంపిణీ చేసేవాడు అని చెప్పి, తయారీదారు కూడా అందులో చేరతాడని ఆ నిర్వచనం కలిపింది. అంతవరకు ఒప్పందం బయట నిలబడిన కర్మాగారం ఆ ఒక్క మాటతో ఫోరం గుమ్మం ఎక్కవలసి వచ్చింది. లోపం సరిచేయమని, వస్తువు మార్చమని, ధర తిరిగి ఇమ్మని, పరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం ఫోరాలకు దక్కింది. పరీక్షిస్తే గాని తేలని లోపమైతే వస్తువు నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపే ఏర్పాటూ ఉంది. వకీలు అవసరం లేదు. తొలి ఏళ్లలో రుసుమూ లేదు. 1993 సవరణ మాత్రం ఫిర్యాదుకు రెండేళ్ల గడువు పెట్టింది.

అయినా దుకాణదారు సొంతంగా ఇచ్చిన మాటలన్నీ కంపెనీ నెత్తిన పడవు. డీలరు పాత మోడలు కారును కొత్తదిగా అంటగట్టిన కేసులో, తయారీ లోపం గాని, ఆ మోసంలో పాత్ర గాని రుజువు కానప్పుడు తయారీదారును బాధ్యుణ్ని చేయలేమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. దుకాణంవాడు నోటిమాటగా కలిపిన అదనపు గ్యారంటీ గతి దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ కంపెనీల పోటీలో పాత టీవీ పేర్లు చాలావరకు మార్కెట్టు నుంచి తప్పుకున్నాయి. దుకాణమే కాక తయారీదారూ లేని ఆ సెట్లను బతికించినది ఏ ఫోరమూ కాదు, వీధి చివరి మెకానిక్కే.

2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం, కొన్నవాడు తాను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చంది. అమ్మిన ఊరు ఏదైనా ఇబ్బంది లేకుండా చేసిన ఈ మార్పు, కనపడని అమ్మకందారుల ఆన్‌లైన్ కాలంలో, పైకి కనిపించేదాని కన్నా పెద్దది. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు అమ్మకందారు పేరు, చిరునామా చూపించాలని వేదికలను ఆదేశించాయి. కొత్త చట్టంలో ఎంతో ప్రచారం పొందిన ఉత్పత్తి బాధ్యత అధ్యాయం మాత్రం, హాని అన్న మాటకు చెప్పిన నిర్వచనంలోనే, వస్తువుకు వస్తువుగా కలిగిన నష్టాన్ని మినహాయించింది. పేలిన బ్యాటరీ ఆ అధ్యాయం కిందికి వస్తుంది, వెలగని తెర రాదు. వెలగని తెరకు ఇప్పటికీ లోపమున్న వస్తువుపై సాధారణ ఫిర్యాదే ఆధారం. దానికి కొన్న తేదీ చూపాలి. నేటి బిల్లులు చాలావరకు వేడికి నల్లబడే కాగితంపై అచ్చవుతాయి. బీరువాలో పెట్టిన కొన్ని నెలలకే అక్షరాలు వెలిసి, తేదీ ఉన్న చోట తెల్లకాగితం మిగులుతుంది. ఊదారంగు డీలరు ముద్ర పడిన పాత కార్డులపై, ఆ దుకాణాలు పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా, ఊరి పేరు, వీధి పేరు చదవడానికి వీలుగానే ఉంటాయి.