ప్రాతిపదిక
యుద్ధ ప్రాతిపదికన రోడ్ల మరమ్మతు, తాత్కాలిక ప్రాతిపదికన ఉద్యోగాలు: పేపర్లలో ఈ మాటకి ఇంతే పని. పాణిని వ్యాకరణంలో ప్రాతిపదిక అంటే ధాతువూ ప్రత్యయమూ కాని, అర్థమున్న శబ్దరూపం. ‘రాముడు’లో డు తీసేస్తే మిగిలే ‘రామ’ లాంటిది. మన కెమిస్ట్రీ పుస్తకాలు రాడికల్‌కి దీన్నే తెచ్చుకున్నాయి. ఎవరి ఆలోచనో గానీ, భేష్. లాటిన్‌లో రాడిక్స్ అంటే వేరు (ఇంగ్లిషువాళ్ల ముల్లంగి ర్యాడిష్ కూడా అక్కడిదే). 1787లో ఫ్రెంచి రసాయనవేత్తలు ఆమ్లంలో ఆక్సిజన్ పోగా మిగిలే మూలభాగాన్ని రాడికల్ అన్నారు. 1900లో రసాయనవేత్త గోంబర్గ్ ట్రైఫినైల్‌మిథైల్ అనే రాడికల్‌ని కనిపెట్టాక ‘స్వేచ్ఛా’ (ఫ్రీ) అనే విశేషణానికి బలమొచ్చింది: ఏ అణువులోనూ ఇమడక, జతలేని ఎలక్ట్రాన్‌తో విడిగా తిరిగేదని. ఆ ఎలక్ట్రాన్ స్పిన్ ఒక్కచోటే కూర్చోదు. ఉదాహరణకి, మిథైల్ రాడికల్ బల్లపరుపుగా ఉంటుంది. మూడు హైడ్రోజన్ల చోట ఫ్లోరిన్లు పెడితే గొడుగులా వంగి, స్పిన్ కొంత ఫ్లోరిన్ల మీదికి పాకుతుంది. ఎంత పాకిందో క్వాంటం లెక్కలు కట్టి, ఈఎస్ఆర్ (ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్) వర్ణపటంలో గీతల ఎడంతో సరిచూస్తారు. మిథైల్‌లో ఆ ఎడం సుమారు 23 గాస్, ఫ్లోరిన్లతో 140 పైనే. టానిక్ ప్రకటనల్లో మాత్రం ఫ్రీ రాడికల్ అంటే విషమే. మనం పీల్చే ఆక్సిజన్ అణువులోనే జతలేని ఎలక్ట్రాన్లు రెండున్నాయి మరి!