సీటుకీ పెడల్‌కీ మధ్య 12 సెంటీమీటర్లు

చిన్నప్పుడు నాన్న సైకిలు నాకు అందేది కాదు. సీటు దాదాపు నా భుజాల ఎత్తులో ఉండేది. అందుకని మా వీధిలో మిగతా పిల్లల్లాగే ఫ్రేము త్రికోణంలోంచి ఒక కాలు అవతలికి దూర్చి, సీటుని చంకలో ఇరికించుకుని, నడుము మెలికలు తిప్పుతూ తొక్కేవాణ్ణి. చూడ్డానికి ఏమంత బాగుండేది కాదనుకుంటా. కానీ "అది సైకిలు తొక్కడం కాదురా" అని ఎవరూ అనలేదు. వెళ్ళాల్సిన చోటికి వెళ్తున్నాను, అంతే.

ఇది మళ్ళీ గుర్తొచ్చింది నెదర్లాండ్స్‌లో, ఆన్‌సైట్‌లో ఉన్న రెండేళ్ళలో. మా ఆఫీసుకి ఒకాయన పడుకుని సైకిలు తొక్కుతూ వచ్చేవాడు. పూర్తిగా పడుకుని కాదు, పడక్కుర్చీలో వాలినట్టు. కాళ్ళు ముందుకి చాచి, పెడల్స్ ముందు చక్రానికి దగ్గర్లో. రికంబెంట్ అంటారు. వంచిన హ్యాండిల్ మీదకి ఒంగి రోడ్ బైక్ తొక్కే నాకు అప్పటికే మెడ నొప్పి, అరచేతుల్లో తిమ్మిరి. ఆయన మాత్రం ఎదురుగాలిలో కూడా తాపీగా నన్ను దాటి పోయేవాడు. ఇంత హాయైన సైకిలు ఊరంతా ఎందుకు లేదు? ఆ ప్రశ్న పట్టుకుని వెతుకుతూ పోతే 1930ల పారిస్‌లో తేలాను.

చార్ల్స్ మొషే అనే ఫ్రెంచి ఆయన చిన్న కార్లు తయారుచేసేవాడు. కొడుకు జార్జ్ సైకిలు కావాలన్నాడు. సైకిలు ప్రమాదమని వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. దాంతో మొషే కొడుకుకి నాలుగు చక్రాల పెడల్ బండి చేసిచ్చాడు. అది బాగా పరిగెత్తేసరికి, పెద్దవాళ్ళ కోసం ఇద్దరు కూర్చునే బండి చేసి 'వెలోకార్' పేరుతో అమ్మాడు. కానీ నాలుగు చక్రాలతో వేగంగా మలుపు తిరిగితే పల్టీకొట్టే ప్రమాదం ఉంది. అప్పుడాయన ఆ బండిని నిలువునా సగానికి కోసినట్టుగా రెండు చక్రాల బండి ఒకటి చేశాడు. సీటు, వాలడానికి వెనక ఆనుకునే భాగం, ముందుకు చాచిన కాళ్ళు అలాగే ఉంచాడు.

ఇక్కడ మొషే చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. రేసులో దింపడానికి ముందే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యకి, అంటే యూసీఐకి, ఉత్తరం రాసి ఇది నిబంధనలకి లోబడే ఉందా అని అడిగాడు. గాలిని చీల్చడానికి అదనంగా తగిలించిన తొడుగులేవీ లేవు కాబట్టి అభ్యంతరం లేదని జవాబొచ్చింది. మా భాషలో చెప్పాలంటే, కోడ్ రాసేముందే స్పెక్ చూపించి ఆమోదం తీసుకున్నాడు.

తొక్కినవాడు ఫ్రాన్సిస్ ఫోర్. ట్రాక్ మీద రెండో శ్రేణి ఆటగాడు. 1933 జులై 7న పారిస్‌లో ఒక గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. అంతకుముందు గంట రికార్డు స్విట్జర్లాండ్‌కి చెందిన ఆస్కార్ ఎగ్‌ది, 44.247 కిలోమీటర్లు. 1914లో పెట్టిన ఆ రికార్డుని పందొమ్మిదేళ్ళుగా ఎవరూ కదపలేకపోయారు. అలాంటిదాన్ని ఒక రెండో శ్రేణి ఆటగాడు పడుకుని దాటేశాడు! గొడవ మొదలైంది. పైగా ఆగస్టు నెలాఖరులో మొరీస్ రిషార్ అనే ఇంకొకడు మామూలు సైకిలు మీదే 44.777 కిలోమీటర్లు తొక్కాడు. ఇప్పుడు రికార్డు ఎవరిది?

1934 ఫిబ్రవరిలో యూసీఐ సమావేశమైంది. ఫోర్ మోసం చేశాడని తేల్చలేదు, తేల్చలేరు కూడా. చేసిందల్లా 'రేసు సైకిలు' అనే మాటకి కొత్త నిర్వచనం రాయడం. పెడల్ ఇరుసు నేలకి 24 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అక్కణ్ణుంచి ముందు చక్రం ఇరుసుకి దూరం 58 నుంచి 75 సెంటీమీటర్లు. సీటు ముందుకొన పెడల్ ఇరుసుకి 12 సెంటీమీటర్ల కంటే వెనక్కి ఉండకూడదు. ఏప్రిల్ 1 నుంచి అమలు. వెలోకార్ సీటు ఎక్కడో వెనకుంది. ఆ ఒక్క కొలతతో అది సైకిలే కాకుండా పోయింది. రికార్డు రిషార్‌కి దక్కింది, ఫోర్‌ది వేరే జాబితాలోకి వెళ్ళింది. మొషే ఆ ఏడాదే చనిపోయాడు.

రికంబెంట్ అభిమానులు కథని ఇక్కడ ఆపేసి, నిషేధం వల్లే మనందరికీ ఈ నడుం నొప్పులు అంటారు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ నిషేధం రేసులకే కదా! ఆఫీసుకి వెళ్ళేవాణ్ణీ, కూరలకి వెళ్ళేవాణ్ణీ యూసీఐ ఆపలేదు. అందుకని ఆ సహోద్యోగి దగ్గర బండి అడిగి తీసుకుని రెండు వారాలు తొక్కి చూశాను.

మొదటి రోజు కదలడమే కష్టమైంది. మామూలు సైకిలు తడబడితే ఒళ్ళు అటూ ఇటూ వంచి నిలబెట్టుకుంటాం. ఇందులో వీపు సీటుకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ వీలు తక్కువ. వంతెన ఎక్కేటప్పుడు లేచి నిలబడి ఒంటి బరువంతా పెడల్ మీద వేయలేం, చిన్న గేరులో ఓపిగ్గా తొక్కాల్సిందే. కూడలిలో కార్ల పక్కన నా తల వాళ్ళ కిటికీల ఎత్తులో ఉండేది. చైను మామూలు సైకిలుకున్నదానికి రెండింతల పైనే పొడవు. మూడో అంతస్తులో ఉన్న నా గదికి దాన్ని మోసుకెళ్ళడం ఇంకో ప్రహసనం. కానీ ఊరు దాటి కాలవగట్టు మీదకి ఎక్కాక దాని అసలు రూపం తెలిసింది. మెడ నొప్పి లేదు, చేతుల మీద భారం లేదు. కళ్ళు రోడ్డుని కాకుండా ఆకాశాన్ని చూస్తున్నాయి.

లెక్క కూడా అదే చెప్తుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. గంటకి 30 కిలోమీటర్లు దాటాక శ్రమలో ఎక్కువ భాగం గాలికే పోతుంది, అక్కడ వాలి తొక్కేవాడిదే గెలుపు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ 15 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి ఆ లాభం పెద్దగా దక్కదు. చటుక్కున దిగడం, నాలుగు వైపులా చూడ్డం, సందులో దూరడం వాడికి ముఖ్యం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో అయితే నేను నిటారుగా కూర్చునే సైకిలే తీసుకుంటాను, అనుమానం లేదు. రోజూ పాతిక కిలోమీటర్లు ఖాళీ దారిలో పోయేవాడికి మాత్రం రెండోదే చెప్తాను.

అయితే యూసీఐ నిర్ణయం అమాయకమైందని కాదు. రేసులో గెలిచిన సైకిలునే దుకాణంలో జనం అడుగుతారు. అది చూసి కంపెనీలు డబ్బు పెడతాయి, మెరుగు పరుస్తాయి, ధర తగ్గుతుంది. నా రోడ్ బైక్ ఇంత తేలిగ్గా ఉందంటే దాని వెనక ఎన్నో దశాబ్దాల రేసులున్నాయి. రికంబెంట్‌కి ఆ దశాబ్దాలు దొరకలేదు. 1939 మార్చిలో అదే ఫోర్, జార్జ్ మొషే తయారుచేసిన తొడుగున్న వెలోకార్ మీద గంటలో 50.537 కిలోమీటర్లు తొక్కాడు. ఎంతమందికి తెలుసు? నాకు ముప్ఫై దాటేదాకా తెలీదు.

ఆ అలవాటు అక్కడితో ఆగలేదు. 1993లో గ్రేమ్ ఓబ్రీ అనే స్కాట్లాండ్ వాడు, వాషింగ్ మెషీన్ బేరింగులు కూడా వాడి సొంతంగా కట్టుకున్న సైకిలు మీద, చేతులు ఛాతీ కింద ముడుచుకుని 51.596 కిలోమీటర్లతో గంట రికార్డు పట్టాడు. మరుసటి ఏడే ఆ భంగిమని నిషేధించారు.

రేసుకి నిబంధనలు ఉండాలి, కాదనను. పోటీ ఒళ్ళుకా, యంత్రానికా అన్నది న్యాయమైన ప్రశ్నే. నా బాధల్లా ఆ నిబంధన మన కళ్ళలోకి కూడా ఎక్కేసిందని. రికంబెంట్ బండి చూసినప్పుడు నాకు మొదట వచ్చింది నవ్వే, నడుం నొప్పి కాదు.

ఒక్కటి మాత్రం నిజం. ఫ్రేములోంచి కాలు దూర్చి, సీటు చంకలో పెట్టుకుని తొక్కిన ఆ పిల్లాడి భంగిమ ఏ కొలతలోనూ ఇమడదు. అయినా ఆ ఎండాకాలం నాకు సైకిలు వచ్చిందనే ఊరంతా అనుకుంది.