ప్రతి మారితే పాఠం మారుతుందా? : వెబ్ బొమ్మల ఫార్మాట్ల చరిత్ర – తెలుగు పుటల పాఠశుద్ధి

వ్యాససంగ్రహం: తాళపత్రం నుంచి కాగితానికి, కాగితం నుంచి అచ్చుకు పాఠం మారేటప్పుడు దొర్లే లేఖకదోషాలను తెలుగు పరిష్కర్తలు నిశితంగా పట్టుకున్నారు. అచ్చు పుస్తకం స్కానింగు ద్వారా వెబ్‌కు చేరేటప్పుడు జరిగే మార్పులపై ఆ దృష్టి పడవలసినంతగా పడలేదు. జిఫ్, జేపెగ్, పీఎన్‌జీ, టిఫ్ వంటి ఫార్మాట్ల మధ్య బొమ్మలను ఎందుకు మార్చవలసి వచ్చింది, ఆ మార్పిడిలో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అనే అంశాలను చారిత్రకంగా పరిశీలించి, స్కాన్ ప్రతులపై ఆధారపడే పరిశోధకులు గమనించవలసిన విషయాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జిఫ్, పీఎన్‌జీ, జేపెగ్, టిఫ్, కుదింపు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, పాఠపరిష్కరణ.

1. పూర్వరంగం

వెబ్‌పుటలో అక్షరాల నడుమ బొమ్మను నిలపవచ్చన్న ఆలోచన 1993 ఫిబ్రవరిలో ఒక ప్రతిపాదనగా వెలువడింది. మొజాయిక్ బ్రౌజర్ రూపకర్తల్లో ఒకరైన మార్క్ ఆండ్రీసెన్ బొమ్మ కోసం ప్రత్యేకమైన ట్యాగును సూచించాడు. అందులో ఏ ఫార్మాట్ వాడాలన్న నియమం లేదు. అప్పటికే చలామణిలో ఉన్న ఫార్మాట్లను బ్రౌజర్లు స్వీకరించాయి. వాటిలో ప్రధానమైనది జిఫ్.

కంప్యూసర్వ్ సంస్థ 1987 జూన్‌లో జిఫ్‌ను విడుదల చేసింది. స్టీవ్ విల్‌హైట్ బృందం దాన్ని రూపొందించింది. టెలిఫోను తీగల మీద మందకొడిగా సాగే ప్రసారానికి తగినట్లు బొమ్మను కుదించడం దాని ప్రయోజనం. ఒక బొమ్మకు గరిష్ఠంగా 256 రంగులే ఉండే పట్టిక, కుదింపులో ఏ సమాచారమూ పోకపోవడం దాని ముఖ్య లక్షణాలు. 1989 నాటి సవరణతో పారదర్శకత వంటి సౌకర్యాలు చేరాయి. గీతలు, అక్షరాలు ఉన్న బొమ్మలకు ఇది చక్కగా సరిపోయింది.

తెలుగుకు ఈ ఫార్మాట్‌తో ఒక ప్రత్యేక అవసరం కూడా ఉండేది. యూనికోడ్ తొలి సంచికలోనే (1991) తెలుగు లిపికి స్థానం దక్కినా, గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా (2001) సాధారణ పాఠకుడి కంప్యూటరులో తెలుగు దానంతట అది కనిపించేది కాదు. పాఠకుడి చేత ప్రత్యేక ఫాంటు దింపించడం ఒక దారి అయితే, తెలుగు పాఠాన్నే బొమ్మగా మార్చి పుటలో పెట్టడం మరొక దారి. రెండో దారిలో అక్షరం చక్కగా కనిపించేది గాని, వెతకడానికీ ఉల్లేఖించడానికీ పనికొచ్చేది కాదు.

2. పేటెంటు తెచ్చిన మార్పిడి

జిఫ్‌కు ప్రాణం ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే కుదింపు పద్ధతి. లెంపెల్, జివ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1978లో ప్రకటించిన పద్ధతిని టెరీ వెల్చ్ మెరుగుపరచి 1984లో ప్రచురించాడు. అతడు పనిచేసిన స్పెర్రీ సంస్థకు 1985 డిసెంబరులో దానిపై అమెరికా పేటెంటు లభించింది. మరుసటి ఏడాది స్పెర్రీ, బరోస్ సంస్థలు కలిసి యూనిసిస్ ఏర్పడింది. పేటెంటు కొత్త సంస్థకు సంక్రమించింది. ఈ సంగతి తెలియకుండానే జిఫ్ తయారై లోకమంతా వ్యాపించింది.

1994 డిసెంబరు చివరి వారంలో, జిఫ్‌ను వాడే సాఫ్ట్‌వేర్ల తయారీదారులు రుసుము చెల్లించాలన్న ప్రకటన వెలువడింది. ఎవరూ ఊహించని వేగంతో దానికి ప్రతిస్పందన వచ్చింది. 1995 జనవరి మొదటి వారంలోనే థామస్ బౌటెల్ ఒక ప్రత్యామ్నాయ ఫార్మాట్ ముసాయిదాను చర్చకు పెట్టాడు. అదే పీఎన్‌జీగా పరిణమించి, 1996 అక్టోబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదం పొందింది. పేటెంటు బాధ లేని డిఫ్లేట్ అనే కుదింపు పద్ధతి, 256 రంగుల పరిమితి లేకపోవడం, ప్రతి బిందువుకూ పారదర్శకత స్థాయిని విడిగా నిర్ణయించగలగడం ఇందులోని విశేషాలు.

మేలైన ఫార్మాట్ వచ్చిన వెంటనే పాతది తప్పుకోలేదు. పీఎన్‌జీలోని పారదర్శకతను మైక్రోసాఫ్ట్ బ్రౌజరు సరిగా చూపడానికి 2006లో ఏడో సంచిక రావలసి వచ్చింది. మధ్యలో 1999 నవంబరు 5న కొందరు వెబ్ రచయితలు జిఫ్‌లను తగలబెట్టే దినాన్ని ప్రకటించారు. తగలబెట్టడమంటే తమ బొమ్మలన్నిటినీ పీఎన్‌జీలోకి మార్చడమే. అమెరికాలో పేటెంటు 2003 జూన్‌లో, యూరప్, జపాన్, కెనడాల్లో మరుసటి ఏడాది ముగిసింది. కదిలే బొమ్మలను చూపగల సౌలభ్యం వల్ల జిఫ్ నేటికీ బతికే ఉంది. ఈ దశలో బొమ్మల మార్పిడికి ప్రేరణ నాణ్యత కన్నా న్యాయశాస్త్రమే అని చెప్పడం సమంజసం. సాంకేతిక చరిత్రలు ఈ అంశాన్ని తరచుగా పాదసూచికకు పరిమితం చేస్తాయి.

అదృష్టవశాత్తు ఆ మార్పిడిలో బొమ్మకు నష్టం లేదు. జిఫ్‌లోని ప్రతి బిందువూ పీఎన్‌జీలోకి యథాతథంగా చేరుతుంది. వ్రాయసకాడు ఒక్క అక్షరమూ తప్పకుండా ప్రతి తీసినట్లే.

3. జేపెగ్ : తెలిసి వదులుకోవడం

జేపెగ్ తత్త్వం వేరు. దాని పునాది 1974 జనవరిలో వెలువడిన ఒక చిన్న పరిశోధన పత్రం. దాని రచయితలు ముగ్గురూ భారతీయ మూలాలున్నవారే: బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి. నటరాజన్, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడైన కె.ఆర్. రావు. చివరివారి ఇంటిపేరు కామిశెట్టి, తెలుగువారికి కొత్త కాదు. ఈ పరిశోధన కోసం అహ్మద్ 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు పంపిన ప్రతిపాదనకు నిధులు మంజూరు కాలేదు. అయినా ఆయన పని ఆపలేదు.

1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపెగ్, బొమ్మను ఎనిమిది బిందువుల పొడవు, ఎనిమిది బిందువుల వెడల్పు గల గళ్లుగా విడగొట్టి, ఒక్కొక్క గడిని ఈ గణితపద్ధతిలో తరంగాల మొత్తంగా మారుస్తుంది. కంటికి అంతగా తెలియని సూక్ష్మ తరంగాలను వదిలేస్తుంది. ముఖచిత్రానికి, ప్రకృతి దృశ్యానికి ఇది వరం. అచ్చు అక్షరానికి కాదు. అక్షరపు అంచు అంటే నలుపు నుంచి తెలుపుకు ఒక్కసారిగా జరిగే మార్పు. వదిలివేతకు గురయ్యే సూక్ష్మ తరంగాలు ఉండేది అక్కడే. అందుకే బాగా కుదించిన జేపెగ్‌లో అక్షరాల చుట్టూ దుమ్ము పట్టినట్లు మసక ఏర్పడుతుంది. తెరచి, సవరించి, మళ్లీ జేపెగ్‌గా భద్రపరచిన ప్రతిసారీ నష్టం పెరిగే అవకాశం ఉంది.

పకార వకారాల భేదాన్ని ఈ సందర్భంలో తలచుకోవాలి. పకారం తలకట్టు అక్షరం నుంచి విడిగా ఉంటుంది, వకారం తలకట్టు అంటుకుని ఉంటుంది. ఆ రెంటి మధ్య తేడా ఒక సన్నని తెల్లని సందు మాత్రమే. దకార ధకారాల భేదం అడుగున ఉండే చిన్న గీత. థకారానికి గుర్తు కడుపులోని చుక్క. అరసున్న సంగతి చెప్పనక్కరలేదు.

4. టిఫ్ పుటలు, అక్షర ప్రతిక్షేపం

2000ల తొలినాళ్లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య రాజ్ రెడ్డి ప్రేరణతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపుదిద్దుకుంది. చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి 1994లో ట్యూరింగ్ పురస్కారం పంచుకున్నవారు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఇందులో భాగస్వాములు. వేలాది తెలుగు గ్రంథాలు ఈ పథకం వల్లనే పరిశోధకులకు అందాయి.

పుటలను టిఫ్ ఫైళ్లుగా, నలుపు తెలుపుల్లో మాత్రమే భద్రపరచారు. ఫ్యాక్సు యంత్రాల కోసం పుట్టిన జీ4 కుదింపులో ఏ నష్టమూ ఉండదు. అసలు నష్టం దానికి ముందే జరుగుతుంది. బూడిద రంగులో ఉన్న ప్రతి బిందువునూ నలుపో తెలుపో ఏదో ఒకటిగా నిర్ణయించే ఘట్టం అది. పండుబారిన కాగితం మీద సిరా పలచబడిన చోట గీత తెగుతుంది. మరక ఉన్న చోట లేని గీత పుడుతుంది. ఆ తరువాత ఎంత నష్టరహితంగా ప్రతులు తీసినా ప్రయోజనం లేదు. పైగా చాలా బ్రౌజర్లు టిఫ్‌ను నేరుగా చూపలేవు. పాఠకుడు ప్రత్యేకంగా ఒక ప్లగిన్ పెట్టుకుని పుటపుటా తెరవవలసి వచ్చేది. కనుక ఆ టిఫ్ పుటలను కూర్చి పీడీఎఫ్‌లుగా మార్చడం అనివార్యమైంది.

ఈ దశలో మరింత సూక్ష్మమైన ప్రమాదం ఒకటి ఉంది. 2000లో ప్రమాణమైన జేబిగ్2, అంతకుముందే ఏటీ అండ్ టీ ప్రయోగశాలలో పుట్టిన డెజావూ ఫార్మాట్‌లోని పద్ధతి, పుటలో ఒకే తీరుగా కనిపించే ఆకారాలను పోల్చి ఒక్కసారే దాచుకుంటాయి. పోలిక కఠినంగా ఉంటే చిక్కు లేదు. సడలిస్తే, ఒక ఆకారం స్థానంలో దానికి దగ్గరగా ఉన్న మరో ఆకారం నిలుస్తుంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త జిరాక్స్ యంత్రాల్లో ఇది జరుగుతోందని నిరూపించాడు. ఒక భవనపటంలో మూడు గదుల వైశాల్యాలు వేర్వేరుగా ఉండగా, స్కాన్ ప్రతిలో మూడూ 14.13 చదరపు మీటర్లుగా వచ్చాయి. 21.11 అన్న అంకె మసకబారలేదు, చెదరలేదు. స్పష్టంగా మరో అంకెగా మారిపోయింది.

పాఠపరిష్కర్తకు జేపెగ్ మసక కంటే ఇది ప్రమాదకరం. మసకబారిన అక్షరం తాను సందేహాస్పదమని తానే చెబుతుంది. ప్రతిక్షేపమైన అక్షరం అచ్చంగా అచ్చక్షరంలాగే కనిపిస్తుంది, దాన్ని పట్టించేది అర్థమో ఛందస్సో మాత్రమే. యతిప్రాసలు కొంత కాపాడవచ్చు. గురులఘువుల లెక్క మాత్రం ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే పకారం వకారమైనా అక్షరం బరువు మారదు. వచనంలో, శాసనపాఠాల్లో, అంకెల పట్టికల్లో ఆ మాత్రం రక్షణ కూడా లేదు.

5. ప్రతుల వంశక్రమం

2010లో గూగుల్ ప్రకటించిన వెబ్‌పీ, 2019 నాటి ఏవీఐఎఫ్ వంటి కొత్త ఫార్మాట్లు పుట బరువును ఇంకా తగ్గించాయి. వెబ్‌పీలో నష్టరహితమైన విధమూ, నష్టసహితమైన విధమూ రెండూ ఉన్నాయి. ఫైలు పేరు చివరి గుర్తు చూసినంత మాత్రాన ఏ విధమో తెలియదు.

డిజిటల్ లైబ్రరీ గ్రంథాలు అనేకం నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. అక్కడ ఒక్కొక్క గ్రంథానికి పీడీఎఫ్‌తో పాటు జేపెగ్ 2000 పుటల మూట కూడా ఉంటుంది. సాధారణంగా ఆ మూటే మూలానికి దగ్గరిదని పరిశోధకులు భావిస్తారు. ఆర్కైవ్ వారే స్కాన్ చేసిన పుస్తకాల విషయంలో అది నిజం. డిజిటల్ లైబ్రరీ నుంచి చేరిన గ్రంథాల్లో వరుస తరచుగా తలకిందులు: ఎక్కించింది పీడీఎఫ్, దాని నుంచి యంత్రం పుట్టించినవి ఆ పుటలు. తాళపత్ర పరిభాషలో చెప్పాలంటే మాతృక అనుకున్నది ప్రతి, ప్రతి అనుకున్నది మాతృక. ఏ ఫైలు మూలమో, ఏది దాని నుంచి పుట్టిందో ఆ గ్రంథపు ఫైళ్ల జాబితాలోనే నమోదై ఉంటుంది. సిద్ధాంత వ్యాసంలో పాఠాంతరాన్ని చర్చించేటప్పుడు పుట సంఖ్యతో పాటు ఆ వివరాన్నీ, చూసిన ఫైలు ఫార్మాట్‌నూ రాయడానికి ఒక పంక్తి చాలు.