చిగుళ్ళ వాపు

చిగుళ్ళ వాపు అనగా దంతముల మొదళ్ళను అంటిపెట్టుకొని ఉండే మెత్తని కణజాలము ఎర్రబడి, ఉబ్బి, తాకితే రక్తము కారే స్థితి. వైద్య పరిభాషలో దీనిని జింజివైటిస్ అంటారు. ఆరోగ్యముగా ఉన్న చిగురు గట్టిగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. చామనఛాయ గలవారి చిగుళ్ళపై గోధుమ లేక నల్లని మచ్చలు సహజముగానే ఉంటాయి. వాటిని వ్యాధిగా భావించనవసరము లేదు. తొలిదశలో నొప్పి అంతగా ఉండదు. ఉదయము పళ్ళు తోముకొన్నప్పుడు ఉమ్మిలో కనిపించే ఎర్రని చారయే చాలామందిలో మొదటి గుర్తు.

ప్రధాన కారణము

ఈ వాపునకు అత్యధిక సందర్భములలో మూలము పాచి. పళ్ళు శుభ్రము చేసిన కొద్దిసేపటికే లాలాజలములోని మాంసకృత్తులు పంటి పింగాణీ పొరపై పలుచగా పరచుకుంటాయి. దానిపై బాక్టీరియా చేరి పెరుగుతాయి. పాచి మిగిలిపోయిన ఆహారము మాత్రమే కాదు, సజీవమైన సూక్ష్మజీవుల పొర. కనుక నీటితో పుక్కిలించినంత మాత్రాన పోదు, రాపిడి అవసరము. అలాగే వదిలివేస్తే లాలాజలములోని కాల్షియము, ఫాస్ఫేటు లవణములతో కలిసి కొన్ని రోజులలో గట్టిపడి గారగా మారుతుంది. గార బ్రష్షుకు లొంగదు. పైగా దాని గరుకుదనము కొత్త పాచికి ఆశ్రయమవుతుంది. బాక్టీరియా విడుదల చేసే పదార్థములకు ప్రతిచర్యగా చిగురులోని రక్తనాళములు వ్యాకోచించి, తెల్ల రక్తకణములు అక్కడకు చేరుతాయి. ఎరుపు, వాపు కలగడానికి ఇదే కారణము.

1965లో డెన్మార్కులోని ఆర్హుస్ దంతవైద్య కళాశాలలో హరాల్డ్ లోయె బృందము ఈ విషయమును సూటిగా నిరూపించినది. ఆరోగ్యవంతమైన చిగుళ్ళు గల 12 మంది పళ్ళు తోమడము పూర్తిగా మానివేశారు. 10 నుండి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. తిరిగి తోమడము మొదలుపెట్టిన సుమారు వారము రోజులలో వాపు తగ్గిపోయినది.

ఈ ప్రయోగము తెలిపే సంగతి నిత్యజీవితములో తలక్రిందులుగా ఆచరింపబడుతున్నది. రక్తము కారుతున్నదని భయపడి చాలామంది ఆ చోట తోమడము మానివేస్తారు. దానితో పాచి మరింత పేరుకొని రక్తస్రావము హెచ్చుతుంది. మెత్తని బ్రష్షుతో ఆ భాగమునే శ్రద్ధగా శుభ్రపరచడము సరియైన పద్ధతి.

ఇతర కారణములు

గర్భిణీ స్త్రీలలో హార్మోనుల మార్పు వలన కొద్దిపాటి పాచికే చిగుళ్ళు తీవ్రముగా స్పందిస్తాయి. ప్రసవానంతరము ఇది సాధారణముగా తగ్గుతుంది. మధుమేహము అదుపులో లేనివారిలో చిగుళ్ళ వ్యాధి ఎక్కువ. చిగుళ్ళ వ్యాధి ముదిరితే రక్తములో చక్కెరను అదుపు చేయడము కూడా కష్టమవుతుంది.

కొన్ని మందులు చిగుళ్ళు పెరిగి పళ్ళను కప్పివేసేలా చేస్తాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, అవయవ మార్పిడి తరువాత ఇచ్చే సైక్లోస్పోరిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ ఇట్టివి. రోగి తనంతట తాను వీటిని ఆపరాదు. వైద్యునికి తెలిపిన మందు మార్చే వీలు ఉండవచ్చును.

పొగ త్రాగేవారి విషయము ప్రత్యేకమైనది. వారిలో వ్యాధి లోలోపల ముదురుతున్నా రక్తము తక్కువగా కారుతుంది. అందువలన హెచ్చరిక అందక ఆలస్యముగా చికిత్సకు వస్తారు.

విటమిన్ సి లోపము వలన వచ్చే స్కర్వీలో చిగుళ్ళు మెత్తబడి రక్తము కారుతాయి. 1747లో జేమ్స్ లిండ్ ఓడపై 12 మంది నావికులకు వేర్వేరు ఆహారములిచ్చి, నారింజ, నిమ్మ తిన్నవారు త్వరగా కోలుకున్నట్లు గమనించాడు. నేడు ఈ వ్యాధి అరుదు. విటమిన్ సి లోపము లేనివారికి ఆ మాత్రలు పాచిని తొలగించలేవు.

జ్ఞానదంతము సగము మొలిచినప్పుడు దానిపై చిగురు మడతలో ఆహారము చిక్కుకొని నొప్పి, వాపు కలుగుతాయి.

వ్యాధి ముదిరినచో

వాపు చిగురుకే పరిమితమైనంత వరకు పూర్తిగా నయమవుతుంది. అది లోతుకు వ్యాపించి పంటిని పట్టియుంచే ఎముకను కరిగించినచో పెరియోడాంటైటిస్ అంటారు. అప్పుడు చికిత్సతో వ్యాధిని ఆపవచ్చును గాని, పోయిన ఎముక తిరిగి పూర్తిగా రాదు. పళ్ళు సందులు పడి, కదిలి, ఊడిపోతాయి.

చికిత్స

దంతవైద్యుడు పరికరములతో గారను తొలగిస్తాడు. దీనిని స్కేలింగ్ అంటారు. స్కేలింగ్ వలన పళ్ళు వదులవుతాయనే నమ్మకము తెలుగునాట విస్తారముగా ఉన్నది. ఎముక కరిగిన పళ్ళను గార గోడవలె పట్టియుంచుతుంది. అది తీసినపుడు అంతకు మునుపే ఉన్న కదలిక బయటపడుతుంది. సందులు కనిపించడము, కొద్ది రోజులు పళ్ళు జివ్వుమనడము మాత్రము నిజమే.

గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే తాత్కాలిక ఉపశమనము కలుగుతుంది. క్లోర్‌హెక్సిడిన్ ద్రవము పాచిని అదుపు చేస్తుంది, కాని ఎక్కువ రోజులు వాడితే పళ్ళపై గోధుమరంగు మరకలు పడి రుచి మారుతుంది. సాధారణ వాపునకు యాంటీబయాటిక్స్ అవసరము లేదు. నొప్పి ఉన్నచోట ఆస్పిరిన్ మాత్ర నలిపి పెట్టడము, లవంగ నూనెను నేరుగా పూయడము చిగురును కాలుస్తాయి.

నివారణ

మెత్తని కుచ్చు గల బ్రష్షును చిగురు అంచు వద్ద సుమారు 45 డిగ్రీలు వాల్చి, రోజుకు రెండుమార్లు, రెండేసి నిమిషములు తోమవలెను. పళ్ళ సందులకు ప్రత్యేకమైన దారము లేక సన్నని బ్రష్షు వాడాలి. పిన్నీసులు, గుండుసూదులు గాయపరుస్తాయి. వేపపుల్లను బాగా నమిలి కుచ్చు చేసి నెమ్మదిగా వాడితే పాచి పోతుంది. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక చిగుళ్ళను అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్ళపొడుల తయారీని భారత ప్రభుత్వము 1992లో నిషేధించినది.

వైద్యుని సంప్రదించవలసిన సందర్భములు

రెండు వారములు శ్రద్ధగా శుభ్రపరచినా రక్తము ఆగకపోయినా, చీము కారినా, పన్ను కదిలినా దంతవైద్యుని కలవాలి. జ్వరముతో ముఖము వాచి, నోరు తెరవలేకపోయినా, మ్రింగలేకపోయినా అదే రోజు చూపించాలి. నోరు శుభ్రముగానే ఉండి చిగుళ్ళు అకస్మాత్తుగా ఉబ్బి, ఒంటిపై కమిలిన మచ్చలు, విపరీతమైన నీరసము తోడైనచో రక్తపరీక్ష తప్పనిసరి. కొన్ని రకముల రక్త క్యాన్సర్లు మొదట చిగుళ్ళలోనే బయటపడతాయి.